చుక్కల గీతకు పైనా, కిందా

పుదుచ్చేరిలో వేసవి సెలవులయ్యాక బళ్లు తెరిచిన వారంలోనే ప్రాథమిక తరగతుల పిల్లల సంచుల్లోంచి ఒక కాగితం ఇంటికి వస్తుంది. పైన బడి పేరు, నడుమ పది పన్నెండు అంశాలు, కింద హెడ్మాస్టర్ సంతకం, అట్టడుగున ఒక చుక్కల గీత, ఆ గీత కింద చింపి తిరిగి పంపాల్సిన చీటీ. ఇంట్లోవాళ్లు దాన్ని ఒకసారి చదివి, సంతకం పెట్టి, చీటీ పంపేసి, మిగతా కాగితాన్ని క్యాలెండరు మేకుకు గుచ్చేస్తారు. చూడ్డానికి చాలా మామూలు వస్తువు. కానీ శ్రద్ధగా తయారైన నోటీసులో ఏ వాక్యం ఎక్కడ ఉండాలి, ఏ తేదీని ఎలా రాయాలి, గీత ఎక్కడ గీయాలి అన్నవాటిలో ఒక్కటీ ఊరికే కుదిరింది కాదు. అలాంటి కాగితాన్ని ఎదురుగా పెట్టుకుని భాగం భాగంగా చూద్దాం.

ముందుగా అది ఎవరి చేతుల మీదుగా వెళ్తుందో తెలియాలి. మోసుకెళ్లేది ఆరేళ్ల పిల్ల. సంచిలో నీళ్ల సీసా కారవచ్చు, టిఫిన్ డబ్బాలోంచి సాంబారు ఒలకవచ్చు, కాగితం ఆటోలో పక్కపిల్లాడి పుస్తకంలోకి మారిపోవచ్చు. ఇంటికి చేరాక చదివేది ఎవరో బడికి తెలియదు. వంటింట్లో ఉన్న అమ్మ కావచ్చు, డ్యూటీ దిగి వచ్చిన నాన్న కావచ్చు, మనవరాలిని చూసుకుంటున్న అమ్మమ్మ కావచ్చు. చదవడానికి దొరికేది రెండు మూడు నిమిషాలు. ఆ కాగితంలో ఆ రాత్రే చేయాల్సిన పని ఒకటి ఉంటుంది, ఆ వారంలో చేయాల్సినవి కొన్ని, ఏడాదంతా గుర్తుంచుకోవాల్సినవి ఇంకొన్ని. వీటన్నిటినీ ఒక్క పేజీలో, ఎవరు చదివినా ఒకే అర్థం వచ్చేలా సర్దాలి. నోటీసు రాసే టీచరు ముందున్న లెక్క ఇది.

కాగితంతో మొదలుపెడదాం. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల నిడివి. దాన్ని నిడివిలో సగానికి కోస్తే వచ్చే ఏ5 ముక్క కూడా అదే నిష్పత్తిలో ఉంటుంది. వెడల్పూ నిడివీ ఒకటికి రెండు యొక్క వర్గమూలం చొప్పున ఉండటమే ఇందుకు కారణం. అందుకే ఏ4 మీద కూర్చిన నోటీసును అంచులు తెగకుండా, అక్షరాలు సాగకుండా ఏ5కు కుదించవచ్చు, ఒక కాగితం మీద రెండు ప్రతులు తీసి నడుమ కోసుకోవచ్చు. అక్షరం చిన్నదైనా ఫరవాలేదనుకునే చిన్న నోటీసులకు కాగితం ఖర్చు సగానికి తగ్గేది ఇలాగే. బరువు లెక్క కూడా చక్కగా తేలుతుంది. చదరపు మీటరుకు 80 గ్రాములుండే మామూలు కాగితంలో ఏ4 ముక్క చదరపు మీటరులో పదహారో వంతు, అంటే 5 గ్రాములు. నలభై మంది ఉన్న తరగతికి నోటీసుల కట్ట 200 గ్రాములు తూగుతుంది.

ఏ4 కాగితాన్ని ఒక్క మడత పెడితే కాస్త పెద్ద సైజు నోటుబుక్కులో అంచులు బయటికి రాకుండా ఇముడుతుంది. ఆ మడత సరిగ్గా కాగితం నడుమ, పైనుంచి 148.5 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. రెండు రోజులు సంచిలో నలిగాక ముందు అరిగేదీ, చెమట తగిలి చెదిరేదీ ఆ మడత మీది వరసే. ఆ సంగతి తెలిసినవారు అక్కడ ఒక వరస ఖాళీ వదులుతారు. ఫోను నంబరు గానీ, తేదీ గానీ మడత మీద పడనివ్వరు.

ఇక తలకట్టు. బడి పేరు, ఫోను నంబరు, తేదీ అందరూ వేస్తారు. పనితనం తెలిసేది మిగతా రెండు చిన్న అంశాల్లో. ఒకటి నోటీసు సంఖ్య. ఏడాదిలో వెళ్లే నోటీసులన్నిటికీ వరసగా 1, 2, 3 అని అంకె వేస్తే, “మూడో నోటీసు అందిందా?” అని ఒక్క ముక్కలో అడగవచ్చు. రెండు ఉండి నాలుగు వచ్చిందంటే మధ్యలో ఒకటి తప్పిపోయిందని ఇంట్లోవాళ్లకూ తెలిసిపోతుంది. రెండోది, ఎవరికి అన్న వరస. “1, 2 తరగతులకు మాత్రమే” అని పైనే ఉంటే, అదే బడిలో నాలుగో తరగతి చదివే అక్క సంచిలోకి పొరపాటున వెళ్లిన కాగితాన్ని చూసి ఎవరూ కంగారు పడరు.

తలకట్టు కింద అంశాల వరస వస్తుంది. బడి ఆఫీసులో పనులు విభాగాలుగా ఉంటాయి: ఫీజులు, పుస్తకాలు, రవాణా, ఆరోగ్యం, భోజనం. ఆ విభాగాల ప్రకారమే నోటీసు రాస్తే రాసేవారికి సులువు, చదివేవారికి కష్టం. ఇంట్లో పనులకు విభాగాలుండవు, వేళలుంటాయి. ఈ రాత్రి ఏం చేయాలి, ఆదివారం లోపల ఏం కొనాలి, రోజూ ఏం చూసుకోవాలి. అందుకని మంచి నోటీసు ఆఫీసు వరసను విప్పేసి ఇంటి వరసలో మళ్లీ కూరుస్తుంది. “ఈ రాత్రే” అన్న చోట చీటీ నింపడం ఒక్కటే ఉంటుంది. “ఈ వారంలో” అన్న చోట పుస్తకాలకు అట్టలు, యూనిఫాం, జనన ధ్రువపత్రం నకలు. “రోజూ” అన్న చోట బడి వేళలు, నీళ్ల సీసా, డైరీ చూసి సంతకం. “ఏడాదిలో” అన్న చోట పరీక్షలు, సెలవులు, తల్లిదండ్రుల సమావేశాలు. ఇలా కూర్చాలంటే రాసేవారు ఒక్కసారైనా ఆ ఇంట్లో కూర్చుని ఆలోచించి ఉండాలి.

పుదుచ్చేరిలో దీనికి భాష కూడా తోడవుతుంది. ఈ కేంద్రపాలిత ప్రాంతం నాలుగు చోట్ల ఉంది. పుదుచ్చేరి, కారైకాల్ తమిళం మాట్లాడే చోట్లు, మాహే మలయాళానిది, గోదావరి ఒడ్డున ఉన్న యానాం మన తెలుగుది. యానాం నుంచి రాజధానికి 800 కిలోమీటర్లకు పైగా దూరం. ప్రభుత్వోద్యోగ బదిలీల మీద, జిప్మర్ వైద్య కళాశాలలోనో పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలోనో చదువుల మీద, వ్యాపారాల మీద పట్టణానికి వచ్చిన తెలుగు కుటుంబాలు కొన్నయితే, తరాలుగా ఇక్కడే ఉన్నవి కొన్ని. ఇలాంటి ఇళ్లలో తమిళం మాట నోటికి వచ్చినా అక్షరం కంటికి రానివాళ్లు చాలామందే ఉంటారు. అలాగే ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలిగినా మొత్తం వాక్యం అందనివాళ్లూ ఉంటారు. పట్టణంలో బడి నోటీసు ఎక్కువగా తమిళం, ఇంగ్లీషు రెండింట్లోనూ వస్తుంది కాబట్టి, వీళ్లు సగం ఇక్కడా సగం అక్కడా చదివి అర్థం కట్టుకుంటారు.

ఆ చదువును ఆదుకునేది కూర్పు. తమిళమంతా ఒక పేజీలో, ఇంగ్లీషంతా వెనక పేజీలో వేస్తే ఏ వాక్యానికి ఏది జోడీయో వెతుక్కోవాలి. రెండు నిలువు వరసలు గీసి ఎడమన తమిళం, కుడిన ఇంగ్లీషు పెట్టి, ప్రతి అంశానికీ ఒకే నంబరు వేసి, రెండు వైపులా ఒకే ఎత్తులో మొదలుపెడితే చూపు అడ్డంగా నడుస్తుంది. ఒకే సంగతి చెప్పినా రెండు భాషల్లో వాక్యాల పొడవు సమంగా రాదు. అందుకని పొట్టి వైపున ఖాళీ వదిలి మరీ తర్వాతి అంశాన్ని రెంటికీ ఒకే గీతమీద మొదలుపెడతారు. ఆ ఖాళీ చూసి కాగితం వృథా అనుకోకూడదు, అడ్డంగా చదివేవారికి దారి అదే. వేళలనూ తేదీలనూ రెండు వైపులా అవే అంకెల్లో వేస్తారు కనుక, భాష ఏదీ పూర్తిగా రాకపోయినా 8.45 మాత్రం అందరికీ 8.45గానే అందుతుంది. పట్టణంలోని పాత ఫ్రెంచి వీధుల మొగల్లో నీలం రంగు పలకల మీద ఒకే వీధి పేరు తమిళంలోనూ ఫ్రెంచిలోనూ తెల్లని అక్షరాలతో కనిపిస్తుంది. రెండు లిపులను పక్కపక్కన చదవడం ఈ ఊరి కంటికి ఎప్పటినుంచో అలవాటు.

నోటీసులో అన్నిటికంటే నేర్పు కావలసింది తేదీలు రాయడంలో. పైకి అన్నీ ఒకేలా కనిపించినా వాటిలో నాలుగు రకాలున్నాయి.

మొదటి రకం కదలని తేదీలు. ఆగస్టు 15 స్వాతంత్ర్య దినం, శ్రీ అరవిందుల పుట్టినరోజు కూడా. ఆయన 1872లో పుట్టారు. ఆ రోజు ఆయన ఆశ్రమం చుట్టుపక్కల వీధులు జనంతో నిండిపోతాయి. మర్నాడు ఆగస్టు 16 పుదుచ్చేరికి మాత్రమే ఉన్న రోజు. ఫ్రెంచి స్థావరాలు భారతదేశానికి చట్టబద్ధంగా చెందింది 1962లో ఆ రోజునే. పాలన చేతులు మారింది అంతకుముందు 1954 నవంబరు 1న, దాన్ని విమోచన దినంగా జరుపుకుంటారు. ఈ తేదీలు వేరే రాష్ట్రంలో అచ్చయిన క్యాలెండరులో కనిపించకపోవచ్చు. కొత్తగా ఊరికి వచ్చిన కుటుంబానికి వాటిని ముందుగా చెప్పేది బడి నోటీసే. అందుకే వాటిని పేరు, తేదీ, వారంతో సహా పూర్తిగా రాస్తారు.

రెండో రకం పంచాంగం మీద నడిచేవి. ఆడి మాసంలో వీరాంపట్టినం శెంగళునీర్ అమ్మన్ తేరు, వైకాశిలో విల్లియనూరు తిరుక్కామీశ్వరుడి తేరు ఈ ప్రాంతంలో పెద్ద ఉత్సవాలు. ఇంగ్లీషు తేదీల్లో ఇవి ఏటా మారుతుంటాయి. వీటికి స్థానిక సెలవు ప్రకటన వేరుగా రావలసి ఉంటుంది కాబట్టి, పండుగ పేరు రాసి “తేదీ తర్వాత తెలియజేస్తాం” అని ఒక గడి ఖాళీగా వదలడమే సరైన పని. ఊహించి ఒక తేదీ వేస్తే, అది తప్పినప్పుడు మిగతా తేదీల మీద కూడా నమ్మకం పోతుంది.

మూడో రకం బడి తెరిచిన రోజు నుంచి లెక్కపెట్టేవి. వేసవి ఎండలు ఎక్కువైతే ఇక్కడ బళ్లు తెరిచే రోజే వెనక్కి జరిగిపోతుంది. 2023లో జూన్ 1న తెరవాల్సిన బళ్లు రెండు విడతలు వాయిదా పడి జూన్ 14న తెరుచుకున్నాయి. అప్పటికే “చీటీ జూన్ 5 లోపు”, “పుస్తకాలు జూన్ 7న” అని అచ్చు వేయించుకున్న నోటీసు మొత్తం పనికిరాకుండా పోతుంది. దీన్ని తట్టుకునే ఉపాయం చాలా సులువైనది. “బడి తెరిచిన మూడో రోజున పుస్తకాలు ఇస్తాం”, “తెరిచిన అయిదో రోజు లోపు చీటీ పంపండి” అని రాస్తే ఒక్క తెరిచే తేదీ తప్ప మిగతా కాగితమంతా నిలబడుతుంది. ఆ ఒక్క తేదీకి ఖాళీ ఉంచి, అచ్చయ్యాక రబ్బరు స్టాంపుతో వేసుకోవచ్చు. కదిలే భాగాన్ని ఒక్క చోటికి చేర్చి, మిగతావాటిని దాని మీద ఆధారపడేలా కట్టడం ఇంజినీర్లు చేసే ఆలోచనే. బడి ఆఫీసులో రూలరుతో కూర్చున్న టీచరు కూడా అదే చేస్తుంది.

నాలుగో రకం ముందుగా ఎవరికీ తెలియనివి. ఈ తీరానికి ముఖ్యమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, వాటితోపాటు తుపానులూ వస్తాయి. 2011 డిసెంబరు 30న థానే తుపాను పుదుచ్చేరికీ కడలూరుకూ మధ్య తీరం దాటింది. 2024 నవంబరు 30న ఫెంగల్ పుదుచ్చేరి దగ్గరే తీరం దాటి, ఒక్క రోజులో 45 సెంటీమీటర్లకు పైగా వాన కురిపించింది. ఎండలు మండే జూన్‌లో రాస్తున్న కాగితంలో నవంబరు వాన గురించి ఒక వరస ఉండాలన్నది అనుభవం నేర్పిన సంగతి. ఆ వరసలో తేదీ ఉండదు, పద్ధతి ఉంటుంది. వాన సెలవును ప్రభుత్వం ప్రకటిస్తుంది, బడి ఆ ప్రకటనను ఫలానా నంబరు నుంచి మాత్రమే పంపుతుంది, ఇంకెక్కడినుంచో తిరుగుతూ వచ్చిన మెసేజీని నమ్మవద్దు, బడి నడుస్తుండగా వాన ముంచుకొస్తే చీటీలో రాసిచ్చిన మనిషికే పిల్లల్ని అప్పగిస్తారు. నాలుగు సంగతులూ రెండు వాక్యాల్లో పట్టాలి. ఆ రోజున తల్లిదండ్రులు వెతుక్కునేది ఆ రెండు వాక్యాలనే.

తేదీల తర్వాత పేర్లు. పిల్లల పూర్తి పేరు రాయమని అడగడంలో కష్టమేముంది అనిపిస్తుంది. పుదుచ్చేరిలో ఒకే తరగతి గదిలో మూడు రకాల పేర్లుంటాయి. తమిళ కుటుంబంలో పేరు ముందుండే ఇనీషియల్ సాధారణంగా తండ్రి పేరుది. తెలుగు కుటుంబంలో అది ఇంటిపేరుది. వీటికి తోడు 1881 నాటి ఫ్రెంచి ఉత్తర్వు కింద సంప్రదాయ వ్యక్తిగత చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి పద్ధతిలో కుటుంబనామం పెట్టుకున్నవారి వారసులు కూడా ఈ ఊళ్లో ఉన్నారు. వాళ్ల కుటుంబనామం పేరు చివర వస్తుంది. “ఇంటిపేరు” అని ఒక గడి పెడితే తమిళ తల్లి అక్కడేం రాయాలో తెలియక ఆగుతుంది. “తండ్రి పేరు ఇనీషియల్‌గా” అంటే తెలుగు తండ్రి ఆగుతాడు. అందుకని జాగ్రత్తగా రాసిన నోటీసు గడులు విడదీయదు. “జనన ధ్రువపత్రంలో ఉన్నట్టే, ఇనీషియల్ విడమర్చి, పూర్తి పేరు” అని అడిగి ఒక పొడవాటి గీత వదులుతుంది. ముగ్గురూ ఆగకుండా రాసేస్తారు. ఒకటో తరగతిలో పడిన పేరే ఆ తర్వాత టీసీ దాకా, పదో తరగతి సర్టిఫికెట్టు దాకా వెళ్తుంది గనుక ఈ ఒక్క వరస విలువ పదేళ్ల తర్వాత తెలుస్తుంది.

వస్తువుల మీద పేరు రాయించే వరసలోనూ ఇదే శ్రద్ధ కనిపిస్తుంది. “వస్తువులపై పేరు రాయండి” అన్నది చాలా నోటీసుల్లో ఉంటుంది. దానికంటే మంచి వాక్యం ఇలా ఉంటుంది: “టిఫిన్ డబ్బాకు, దాని మూతకు, నీళ్ల సీసాకు, దాని మూతకు విడివిడిగా పేరు, తరగతి, సెక్షన్ రాయండి.” మధ్యాహ్నం కుళాయి దగ్గర నలభై స్టీలు డబ్బాలు కడిగే చోట డబ్బా ఒకరికీ మూత ఇంకొకరికీ చేరతాయని చూసినవారే ఈ వాక్యం రాయగలరు. యూనిఫాం చొక్కాకు కాలరు లోపలి వైపున రాయమనడం కూడా అలాంటిదే. బయట రాస్తే దారిలో ఎవరైనా పేరు చదివి పిల్లని పేరుతో పిలవగలరు.

సంచి బరువు విషయానికి వస్తే చెప్పే తీరే మారాలి. 2020 నాటి జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం సంచి బరువు పిల్లల బరువులో పదో వంతు మించకూడదు. ఇరవై కిలోల పిల్లకు రెండు కిలోలు. రెండో తరగతి దాకా హోంవర్కు ఉండకూడదు, మూడు నుంచి అయిదు తరగతులకు వారానికి రెండు గంటలకు మించకూడదు. “సంచి బరువు తగ్గించండి” అని నోటీసు వేస్తే ఏ పుస్తకం తీసేయాలో ఇంట్లో తెలియదు. వారంలో ఏ రోజు ఏ పుస్తకాలు తేవాలో చిన్న పట్టిక ఇచ్చి, మిగతావి బడిలోనే ఉంటాయని చెబితే బరువు దానంతటదే తగ్గుతుంది. మంచి నోటీసు కోరికను పనిగా మార్చి ఇస్తుంది.

భోజనం వరస పొట్టిగానే ఉంటుంది గానీ దాని వెనక చరిత్ర పెద్దది. పుదుచ్చేరి బళ్లలో మధ్యాహ్న భోజనాన్ని ఫ్రెంచి పాలకులు 1930లోనే మొదలుపెట్టారు. ఇప్పటి జాతీయ పథకం కింద ప్రాథమిక తరగతి పిల్లకు రోజుకు 100 గ్రాముల ధాన్యం, 450 కిలో క్యాలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలని లెక్క. నోటీసులో ఆ లెక్కలు అక్కర్లేదు. భోజనం వేళ, పళ్లెం తేవాలా వద్దా, ఏదైనా పడని పదార్థం ఉంటే ఎవరికి చెప్పాలి అన్న మూడూ చాలు. చివరిదానికి జవాబు చీటీలో రాయమంటారు. నులిపురుగుల మాత్రలు ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇస్తారన్న ఒక్క ముక్క కూడా ఇక్కడే పడుతుంది. ముందే తెలిస్తే ఆ రోజున పిల్లని బడి మాన్పించరు, మాత్ర గురించి భయపడరు.

చట్టం నుంచి వచ్చేవి రెండు సంగతులు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదిలో 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. రోజుకు సగటున నాలుగు గంటలు. వాన సెలవులకు బదులు శనివారం బడి ఎందుకు పెడుతున్నారో ఆ 200 అన్న ఒక్క అంకే చెప్పేస్తుంది. ప్రైవేటు యాజమాన్యపు సొంత ఖర్చుతో నడిచే బళ్లు తప్ప మిగతావాటిలో పాఠశాల యాజమాన్య కమిటీ ఉండాలని, అందులో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలని కూడా అదే చట్టం చెబుతుంది. కమిటీ సమావేశం తేదీ నోటీసులో ఉందంటే అది ఆహ్వానం మాత్రమే కాదు, హక్కు కూడా.

ఇప్పుడు చుక్కల గీత దగ్గరికి వచ్చాం. నోటీసు అనే వస్తువు మొత్తం పని చేసేది ఇక్కడే. గీతకు పైన ఉన్నది ఇంట్లో ఉండిపోతుంది, కింద ఉన్నది బడికి వస్తుంది. కాబట్టి ఇంట్లో కావలసింది ఏదీ కింద ఉండకూడదు, బడికి కావలసింది ఏదీ పైన ఉండకూడదు. చీటీ ఇవ్వాల్సిన గడువును చీటీలోనే రాస్తే, చింపి పంపాక అది ఎప్పటికి చేరాలో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. గడువు పైనే ఉండాలి. చీటీ వెనకవైపున ఏమీ అచ్చు వేయకూడదు. వేస్తే సెలవుల జాబితాలో సగం చీటీతోపాటు బడికి వెళ్లిపోతుంది.

విడిపోయాక చీటీకి తన సంగతి తనే చెప్పుకోవడం రావాలి. అందుకని పైన ఉన్న నోటీసు సంఖ్య చీటీ మీద మళ్లీ వేస్తారు. పిల్లల పేరు, తరగతి, సెక్షన్, రోల్ నంబరు అడుగుతారు. రోల్ నంబరు చీటీ కుడి పైమూలన ఉంటే టీచరు పేర్లు చదవనక్కర్లేకుండా మూలలు మాత్రం చూస్తూ వరసలో పేర్చేస్తుంది.

అడిగే ప్రశ్నల్లో మరో ఉపాయం ఉంది. “పిల్లని ఆటోలో పంపుతారా? అయితే టిక్కు పెట్టండి” అని ఒకే గడి ఇస్తే, ఖాళీ చీటీకి రెండు అర్థాలొస్తాయి: పంపరు అనైనా కావచ్చు, చదవలేదు అనైనా కావచ్చు. “అవును”, “కాదు” అని రెండు గడులిస్తే ఖాళీకి ఒక్కటే అర్థం మిగులుతుంది. పిల్లని ఇంటికి తీసుకెళ్లే మనిషి పేరు, ఫోను అడిగేటప్పుడు రెండో నంబరు వేరే ఇంటిది ఉండాలని అడుగుతారు. అమ్మానాన్నల ఫోన్లు రెండూ ఒకే ఇంట్లో, కరెంటు పోయిన ఒకే చోట ఉంటే రెండు నంబర్లూ ఒకటే లెక్క. చివరికి సంతకం గీత. దాని కింద “తల్లి / తండ్రి / సంరక్షకులు” అని మూడూ ఉంటాయి. పిల్లని పెంచుతున్నది మేనత్త అయినా, అమ్మమ్మ అయినా ఆ మూడో మాటలో తనకు చోటుంది.

చీటీలు తిరిగి రావడం మొదలయ్యాక టీచరు వాటిని రిజిస్టరు పక్కన పెట్టుకుని మూడు కట్టలు చేస్తుంది: అన్నీ నింపినవి, ఏదో ఒక గడి ఖాళీగా ఉన్నవి, రానివాళ్ల పేర్ల జాబితా. గుర్తుచేసే నోటీసు వెళ్లేది మూడో జాబితాకే. అది మొదటి నోటీసంత ఉండదు, డైరీలో రాసే ఒకటే వాక్యం. ఆ వాక్యాన్ని చాలామంది టీచర్లు ఇలా రాస్తారు: “మూడో నోటీసు చీటీ మాకింకా చేరలేదు. దయచేసి రేపు పంపండి.” మీరు పంపలేదు అనరు. పంపి ఉండవచ్చు, సంచిలో నలిగిపోయి ఉండవచ్చు, దారిలో పడిపోయి ఉండవచ్చు. ఏది జరిగినా ఆ వాక్యం నిజమే అవుతుంది, ఎవరి మీదా నింద పడదు. ఆరేళ్ల పిల్లని కూడా అది కాపాడుతుంది.

నోటీసు ఒక్క పేజీకే పరిమితం కావడానికి పాత యంత్రం కూడా కొంత కారణం. సైక్లోస్టైల్ రోజుల్లో మైనం పూసిన స్టెన్సిల్ కాగితాన్ని టైపు మిషనుకు ఎక్కించి, రిబ్బను తప్పించి టైపు కొట్టేవాళ్లు. అక్షరం పడిన చోట పూత తొలగి సిరాకు దారి ఏర్పడేది. గట్టిగా కొడితే ఇంగ్లీషు ‘ఓ’ అక్షరం నడుమ ముక్క ఊడిపోయి అచ్చులో నల్లటి చుక్క పడేది. తప్పు పడితే దిద్దే ద్రవం పూసి, ఆరాక దాని మీదే మళ్లీ కొట్టాలి. పేజీకి ఒక స్టెన్సిల్. రెండో పేజీ అంటే మళ్లీ మొదటినుంచీ శ్రమ. అందుకని ప్రతి వాక్యాన్నీ అక్కర్లేదా అని ఒకటికి రెండుసార్లు అడిగి మరీ ఉంచేవాళ్లు. కంప్యూటరు వచ్చాక పేజీలకు లోటు లేదు. అయినా మంచి నోటీసులు ఆ పాత కొలతనే పాటిస్తున్నాయి.

ఇప్పుడు అదే కాగితం ఫొటోగా వాట్సాప్‌లోనూ వెళ్తుంది. సంచిలో పోయిన కాగితానికి అది మంచి నకలు. రెండు వరసల కూర్పు చిన్న తెర మీద చదవడం కష్టమవుతుంది గనుక కొందరు టీచర్లు భాషకొక ఫొటో పంపుతారు, చదవలేనివాళ్ల కోసం నిమిషం నిడివి వాయిస్ మెసేజీ కూడా పెడతారు. కానీ నీలం టిక్కు పడితే మెసేజీ తెరిచారని మాత్రమే తెలుస్తుంది. సంతకం పెట్టిన చీటీ వస్తే చదివారని, ఒప్పుకున్నారని, అత్యవసరంలో ఎవరికి ఫోను చేయాలో చెప్పారని తెలుస్తుంది. అందుకే ఫోను వచ్చినా గీత పోలేదు.

ఈ పనిని వేరే చోట్ల వేరే పద్ధతుల్లో చేస్తారు. ఫ్రెంచి ప్రాథమిక బళ్లలో “కాయే ద లియేజోఁ” అని ఒక పుస్తకం ఏడాది పొడుగునా బడికీ ఇంటికీ మధ్య తిరుగుతుంది. నోటీసులు అందులోనే అతికిస్తారు, తల్లిదండ్రులు అందులోనే సంతకం పెట్టి జవాబు రాస్తారు. జపాను ప్రాథమిక బళ్లలో “రెన్‌రాకుచో” అనే పుస్తకంలో మర్నాడు ఏం తేవాలో పిల్లలే రాసుకుని ఇంట్లో చూపిస్తారు. మన బళ్లలో డైరీది దాదాపు ఇదే పని. పుస్తకానికి ఒక బలం ఉంది, ఏదీ జారిపోదు. చీటీకి ఇంకో బలం ఉంది, అందరి జవాబులూ ఒకే రోజున ఒకే బల్ల మీదికి చేరతాయి. ఏడాది ఆరంభంలో బడికి కావలసింది ఆ రెండోదే.

ఇంత పని చేసిన కాగితం మీద రాసినవారి పేరు ఎక్కడా ఉండదు, హెడ్మాస్టర్ సంతకం మాత్రం ఉంటుంది. దాన్ని ఏటేటా మెరుగుపరిచేది ఆఫీసు ఫైలులో మిగిలిన ఒక్క ప్రతి. ఆ ఏడు తల్లిదండ్రులు అడిగిన ప్రశ్నలను శ్రద్ధ గల టీచరు దాని అంచుల్లో పెన్సిలుతో రాసిపెట్టుకుంటుంది. “పళ్లెం తేవాలా అని ఫోన్లు వచ్చాయి”, “ఇనీషియల్ విషయం అర్థం కాలేదు”, “వాన రోజు ఏ గేటు దగ్గర?” వచ్చే ఏడు నోటీసు కూర్చేటప్పుడు ఒక్కో పెన్సిలు గుర్తుకూ ఒక్కో వరస మారుతుంది. మూతకు కూడా పేరు రాయమన్న వాక్యం, వేరే ఇంటి నంబరు అడిగిన గడి, మడత దగ్గర వదిలిన ఖాళీ ఇలాంటి మార్పులే. తల్లిదండ్రులు అడిగిన ప్రతి ప్రశ్నా తర్వాతి ఏడాది ఇంకో తల్లి అడగనక్కర్లేకుండా చేస్తుంది. కాబట్టి ఈ నోటీసును బడి ఒక్కటే రాస్తోందనడం సరికాదు. గీతకు రెండు వైపులా ఉన్నవాళ్లు కలిసి రాస్తున్నారు.